తెరపై పాఠం, తరగతిలో గురువు: వీడియో బోధనపై బిలాస్‌పూర్ చెప్పే అనుభవం

బిలాస్‌పూర్: హౌరా–ముంబయి ప్రధాన రైలు మార్గంపై ఉన్న ఛత్తీస్‌గఢ్ పట్టణం బిలాస్‌పూర్. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ఇదే కేంద్ర స్థానం. రైల్వే కొలువుల కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరాలుగా స్థిరపడ్డాయి. ఈ ఇళ్లలో పెరిగే పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ లేదా ఛత్తీస్‌గఢీ, బడిలో హిందీ లేదా ఇంగ్లీషు వినిపిస్తాయి. పాఠం అర్థం కానప్పుడు చాలామంది విద్యార్థులు ఆశ్రయించేది చేతిలోని ఫోన్‌నే. ఒకే పాఠం మూడు భాషల్లోనూ వీడియోగా దొరుకుతుంది. అయితే దొరికిన ప్రతి వీడియో పాఠం అవుతుందా? చూసినదంతా నేర్చుకున్నట్లేనా?

ఈ ప్రశ్న బిలాస్‌పూర్‌కు కొత్త కాదు. దేశంలో తెరపై పాఠాన్ని మొదటిసారి పెద్ద ఎత్తున పరీక్షించిన ప్రాంతాల్లో ఈ జిల్లా ఒకటి. అదే ప్రయోగంలో తెలుగు గ్రామాలు కూడా పాలుపంచుకున్నాయి.

అర్ధశతాబ్దం కిందటి ప్రయోగం

1975 ఆగస్టు 1న భారత అంతరిక్ష పరిశోధన సంస్థ, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా కలిసి ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగాన్ని ప్రారంభించాయి. ‘సైట్’ అనే పొట్టి పేరుతో ఇది ప్రసిద్ధి పొందింది. నాసాకు చెందిన ఏటీఎస్–6 ఉపగ్రహం ద్వారా 6 రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు నేరుగా టెలివిజన్ ప్రసారాలు అందాయి. అప్పటి మధ్యప్రదేశ్ నుంచి రాయ్‌పూర్, దుర్గ్ జిల్లాలతో పాటు బిలాస్‌పూర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్, మెదక్, మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలు ఇందుకు ఎంపికయ్యాయి. ప్రసారాలు హిందీ, తెలుగు, కన్నడ, ఒడియా భాషల్లో సాగాయి.

ఉదయం పాఠశాల పిల్లలకు, సాయంత్రం గ్రామస్థులందరికీ వేర్వేరు కార్యక్రమాలు ఉండేవి. పిల్లల కార్యక్రమం నిడివి ఒక్కో భాషకు రోజుకు 22 నిమిషాల 30 సెకన్లు. ఊరంతటికీ ఒకే టెలివిజన్ పెట్టె. చాలా గ్రామాల్లో అది ఉండేది పాఠశాల భవనంలోనే. ఇదే ఉపగ్రహాన్ని వినియోగించి దాదాపు 50 వేల మంది ప్రాథమిక ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. 1976 జూలై 31న ప్రయోగం ముగిసింది.

ఆ ఏడాది కాలం నేటికీ గుర్తుంచుకోదగ్గ రెండు విషయాలను స్పష్టం చేసింది. మొదటిది, మారుమూల బడికి కూడా సాంకేతికత చేరగలదు. చేరాల్సింది మాత్రం పిల్లల భాషలోనే. రెండవది, ప్రసారానికి ఆగడం తెలియదు. ఒక పిల్లవాడికి అర్థం కాలేదని అది వెనక్కి వెళ్లదు. మబ్బు పట్టి కరెంటు పోతే ఆనాటి పాఠం మళ్లీ రాదు. ప్రసారానికి ముందు, తర్వాత ఉపాధ్యాయుడు ఏం చేశాడన్న దానిపైనే ఆ పాఠం ఫలితం ఆధారపడేది.

ప్రసారం నుంచి పంచుకోవడానికి

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 1984 ఆగస్టు 15న దూరదర్శన్ ద్వారా ‘కంట్రీవైడ్ క్లాస్‌రూమ్’ ప్రసారాలను మొదలుపెట్టింది. విద్య కోసమే రూపొందించిన ‘ఎడ్యుశాట్’ ఉపగ్రహాన్ని 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుంచి ప్రయోగించారు. ఇవన్నీ ఒకచోట నుంచి అనేక చోట్లకు ప్రవహించిన పాఠాలు.

2005లో వచ్చిన యూట్యూబ్ ఆ దిశను మార్చింది. స్టూడియో, ఉపగ్రహం, ప్రసార కేంద్రం లేకపోయినా ఎవరైనా పాఠాన్ని చిత్రించి లోకానికి అందించగలిగే వీలు కలిగింది. అమెరికాలో సల్మాన్ ఖాన్ అనే యువకుడు దూరాన ఉన్న బంధువుల పిల్లలకు లెక్కలు చెప్పేందుకు 2006లో యూట్యూబ్‌లో ఉంచడం మొదలుపెట్టిన చిన్న వీడియోలే తర్వాత ఖాన్ అకాడమీగా ఎదిగాయి. కొలరాడోలోని వుడ్‌ల్యాండ్ పార్క్ ఉన్నత పాఠశాలలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు 2007 ప్రాంతంలో తమ పాఠాలను వీడియోలుగా తీసి, పిల్లలను ఇంటి వద్ద చూడమన్నారు. తరగతి సమయాన్ని సందేహాలకు, అభ్యాసానికి, ప్రయోగాలకు కేటాయించారు. ఇంట్లో పాఠం, బడిలో ఇంటిపని అనదగిన ఈ పద్ధతికే ‘ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్’ అని పేరు.

భారతదేశంలో ఐఐటీలు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్‌పీటీఈఎల్ ఇంజినీరింగ్ ఉపన్యాసాలను ఉచితంగా అందుబాటులోకి తెచ్చింది. 2017 జూలై 9న స్వయం వేదిక, 32 స్వయం ప్రభ ఛానళ్లు ప్రారంభమయ్యాయి. అదే ఏడాది సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం నాడు అప్పటి ఉపరాష్ట్రపతి ఎం. వెంకయ్యనాయుడు ‘దీక్ష’ వేదికను ఆవిష్కరించారు. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో తెరుచుకోవడం ఈ వేదికతోనే విస్తృతమైంది. ఉమ్మడి రాష్ట్రపు ‘మన టీవీ’ వారసత్వంతో తెలంగాణలో టీ–శాట్ నిపుణ, విద్య ఛానళ్లు నడుస్తున్నాయి. వాటి పాఠాలు యూట్యూబ్‌లోనూ లభిస్తున్నందున బిలాస్‌పూర్‌లో కూర్చున్న తెలుగు విద్యార్థికీ అవి అందుతున్నాయి.

బడులు మూతపడినప్పుడు

ఈ ఏర్పాట్లన్నింటికీ 2020 పెద్ద పరీక్ష అయింది. కొవిడ్ లాక్‌డౌన్ సమయంలో, 2020 ఏప్రిల్ 7న, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘పఢయీ తుంహర్ దువార్’ కార్యక్రమాన్ని ప్రారంభించింది. ఛత్తీస్‌గఢీలో ‘చదువు మీ గుమ్మంలోకి’ అని ఈ పేరుకు అర్థం. పోర్టల్‌లో వీడియో పాఠాలు, ప్రత్యక్ష ఆన్‌లైన్ తరగతులు, ఇంటిపని దిద్దే ఏర్పాటు ఉండేవి.

ఇంటర్నెట్ అందని పల్లెలు, స్మార్ట్‌ఫోన్ లేని ఇళ్లు అనేకం ఉన్న రాష్ట్రంలో పోర్టల్ ఒక్కటే చాలలేదు. దాంతో వాడల్లో, వీధి అరుగులపై ఉపాధ్యాయులు చిన్న బృందాలకు పాఠాలు చెప్పే ‘పఢయీ తుంహర్ పారా’ మొదలైంది. నెట్‌వర్క్ లేని ప్రాంతాల కోసం ‘బుల్టూ కే బోల్’ అనే మరో మార్గం వచ్చింది. బ్లూటూత్ అనే మాట పల్లెనోట ‘బుల్టూ’ అయింది. సంతకు వచ్చిన వారి ఫోన్లలోకి ధ్వని పాఠాలను బ్లూటూత్ ద్వారా పంపితే, అవి ఇంటికి చేరి పిల్లల చెవిన పడేవి. పాఠాన్ని పంచుకోవడమంటే అంతర్జాలం ఒక్కటే కాదని, ఉన్న సాధనంతోనే చేరవచ్చని ఛత్తీస్‌గఢ్ చూపింది.

తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ–శాట్ ద్వారా పాఠశాల పాఠాలు ప్రసారమయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో దూరదర్శన్ సప్తగిరి ద్వారా పాఠాలు సాగాయి. కేంద్రం 2020 మేలో ‘పీఎం ఈ–విద్య’ను ప్రకటించి తరగతికి ఒక ఛానల్ చొప్పున 12 ఛానళ్లను చేపట్టింది. ఆ సంఖ్యను 200కు పెంచుతామని 2022 ఫిబ్రవరి 1 నాటి బడ్జెట్‌లో ప్రకటించింది.

ఈ కాలమంతటా ఉపాధ్యాయుల అనుభవం దాదాపు ఒకేలా ఉంది. తెర పిల్లవాడికి కనిపిస్తుంది కాని, తెరకు పిల్లవాడు కనిపించడు. ముఖం ముడుచుకున్న విద్యార్థిని చూసి ఆగి, మరో ఉదాహరణ చెప్పగలిగేది మనిషి మాత్రమే.

వీడియో ఎలా నేర్పుతుంది

మనిషి మనసు ఒక క్షణంలో కొద్దిపాటి కొత్త విషయాలనే పట్టి ఉంచగలదు. ఒకేసారి ఎక్కువ విషయాలు మీద పడితే ఏదీ నిలవదు. బోధనా మనస్తత్వశాస్త్రంలో దీనిని జ్ఞానభారం అంటారు. ఈ భావనను జాన్ స్వెల్లర్ 1980లలో వివరించారు. బొమ్మ, మాట కలిసి వచ్చినప్పుడు అభ్యాసం ఎలా మెరుగవుతుందో రిచర్డ్ మేయర్ దశాబ్దాల పాటు పరిశోధించారు. చూపు, వినికిడి వేర్వేరు దారులు కాబట్టి బొమ్మను చూపుతూ మాటతో వివరిస్తే భారం పంచబడుతుంది. అదే తెరపై వాక్యాలు రాసి, వాటినే చదివి వినిపిస్తే కన్ను రెండు పనుల మధ్య చీలిపోతుంది. పాఠంతో సంబంధం లేని సంగీతం, మెరుపులు నేర్చుకోవడానికి అడ్డుపడతాయని ఆయన పరిశోధనలు చెబుతున్నాయి.

నిడివికీ ప్రాధాన్యం ఉంది. ఎడెక్స్ వేదికపై 69 లక్షల వీక్షణ సందర్భాలను విశ్లేషించి ఫిలిప్ గువో బృందం 2014లో వెలువరించిన అధ్యయనంలో 6 నిమిషాల లోపు వీడియోలను విద్యార్థులు ఎక్కువ శ్రద్ధతో చూసినట్టు తేలింది. గంట తరగతిని అలాగే చిత్రించి అందించడం కంటే, ఒక్కో భావనకు ఒక్కో చిన్న వీడియో మేలని దీని సారాంశం.

మూడవ అంశం మరింత కీలకమైనది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగంలో ఒక బృందం పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివింది. మరో బృందం ఒకసారి చదివి, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసింది. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివిన వారే ముందున్నారు. వారం తర్వాత మాత్రం గుర్తు తెచ్చుకుని రాసినవారు ముందుకు వచ్చారు. వీడియోకూ ఇదే వర్తిస్తుంది. స్పష్టమైన వీడియో చూసిన వెంటనే అంతా వచ్చేసినట్టు అనిపిస్తుంది. ఆ భావన తరచూ మోసం చేస్తుంది. ఫోన్ పక్కన పెట్టి కాగితంపై రాసినప్పుడే ఎంత వచ్చిందో తెలుస్తుంది.

రైలు చక్రంతో ఒక తరగతి

ఈ సూత్రాలు తరగతిలో ఎలా పనిచేస్తాయో రైల్వే పట్టణానికి తగిన ఉదాహరణతో చూడవచ్చు. రైలు మలుపు తిరిగేటప్పుడు బయటి పట్టాపై ఉన్న చక్రం ఎక్కువ దూరం పోవాలి. లోపలి పట్టాపై ఉన్నది తక్కువ దూరం పోవాలి. కాని రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి. రెండూ ఒకే సంఖ్యలో చుట్లు తిరుగుతూ వేర్వేరు దూరాలు ఎలా పోగలవు?

ఉపాధ్యాయుడు ముందుగా ఈ ప్రశ్ననే నల్లబల్లపై రాసి, వీడియో పెట్టకుండా పిల్లల ఊహలను అడగాలి. స్టేషన్‌లో రోజూ రైలును చూసే పిల్లల వద్ద ఊహలకు కొదవ ఉండదు. చక్రం అంచున ఉన్న ఉబ్బు వల్లనే రైలు పట్టా తప్పదని ఎక్కువమంది అంటారు. ఆ తర్వాత నాలుగైదు నిమిషాల వీడియో చూపాలి. చక్రం దగ్గరి దృశ్యం వచ్చినచోట ఆపి, “ఈ చక్రం అంతటా ఒకే మందమా?” అని అడగాలి. రైలు చక్రం ఉపరితలం సమతలంగా ఉండదు. లోపలి వైపు వ్యాసం ఎక్కువ, బయటి వైపు తక్కువ. మలుపులో ఇరుసు కాస్త బయటికి జరుగుతుంది. అప్పుడు బయటి చక్రం తన పెద్ద వ్యాసంపై, లోపలి చక్రం తన చిన్న వ్యాసంపై దొర్లుతాయి. చుట్లు సమానమైనా దూరాలు వేరవుతాయి. అంచున ఉన్న ఉబ్బు చివరి రక్షణ మాత్రమే. పక్కకు నిలబడి చూసే కంటికి అందని ఈ కదలికను నెమ్మదించిన దృశ్యం చూపగలదు. వీడియో బలం ఇక్కడే ఉంది.

తర్వాత తెర ఆపి చేతిపనికి రావాలి. రెండు కాగితపు కప్పులను వాటి వెడల్పు నోళ్లు కలిసేలా అతికించి, సమాంతరంగా వాలుగా పెట్టిన రెండు కర్రలపై దొర్లించాలి. అవి అటూ ఇటూ ఊగినా తమను తాము సర్దుకుని దారిలోనే పోతాయి. ఇరుకు అడుగులు కలిసేలా అతికిస్తే కొద్ది దూరంలోనే పక్కకు పడిపోతాయి. చివరగా పిల్లలు పుస్తకం, వీడియో రెండూ చూడకుండా కారణాన్ని నాలుగు వాక్యాల్లో రాయాలి. మర్నాడు మొదటి అయిదు నిమిషాల్లో అదే ప్రశ్న మళ్లీ వేయాలి. నలభై నిమిషాల తరగతిలో వీడియో వాటా అయిదు నిమిషాలే. అయినా ఆ అయిదు నిమిషాలు లేకపోతే పాఠం బొమ్మ దగ్గరే ఆగిపోయేది.

ఇలా ఉపాధ్యాయుడు మధ్యవర్తిగా నిలిచే పద్ధతిని దేశంలో ముందే పరీక్షించారు. 2005లో లక్నో కేంద్రంగా మొదలైన ‘డిజిటల్ స్టడీ హాల్’ ప్రాజెక్టు మంచి ఉపాధ్యాయుల పాఠాలను చిత్రించి పల్లె బడులకు పంపింది. అక్కడి ఉపాధ్యాయుడు వాటిని మధ్యమధ్య ఆపి, పిల్లలను ప్రశ్నించి, పలక మీద రాయించి ముందుకు సాగాలన్నది దాని నియమం. వీడియో ఉపాధ్యాయునికి బదులు కాదని, అది తోడని ఆ పద్ధతి సారాంశం.

భాష మారితే మాట మారుతుంది

బిలాస్‌పూర్ తెలుగు విద్యార్థికి అదనంగా మరో సమస్య ఉంది. బడిలో హిందీలో విన్న పాఠాన్ని ఇంట్లో తెలుగు వీడియోలో చూసినప్పుడు కొన్ని పదాలు కలిసిపోతాయి, మరికొన్ని కలవవు. హిందీలో ‘త్వరణ్’ అన్నది తెలుగులో త్వరణమే. కాని హిందీలో ‘ఘనత్వ’ అన్నదానిని తెలుగు పాఠ్యపుస్తకాలు సాంద్రత అంటాయి. ‘ప్రకాశ్ సంశ్లేషణ్’ తెలుగులో కిరణజన్య సంయోగక్రియ అవుతుంది. హిందీ ‘చాల్’ తెలుగులో వడి; ‘వేగ్’ మాత్రం వేగమే. ఈ సంగతి తెలియని పిల్లవాడు ఒకే భావనను రెండు వేర్వేరు విషయాలుగా పొరబడతాడు.

దీనికి పరిష్కారం ఖరీదైనది కాదు. నోటుపుస్తకం చివరి పుటల్లో మూడు గీతలు గీసి హిందీ, తెలుగు, ఇంగ్లీషు పదాలను పక్కపక్కన రాసుకోవడం చాలు. వీడియో చూసిన ప్రతిసారీ రెండు మూడు పదాలు చేరితే ఏడాదికి చక్కని పదకోశం తయారవుతుంది. యంత్రం తయారుచేసే ఉపశీర్షికలను, అనువాదాలను నమ్ముకునే వారికి ఈ అలవాటు మరింత అవసరం. యాంత్రిక అనువాదం వాడుక మాటలను బాగానే పట్టుకున్నా పారిభాషిక పదాల వద్ద తరచూ తడబడుతుంది.

తెలుగు లిపి నేర్చుకోవడంలోనూ వీడియోకు ప్రత్యేక స్థానం ఉంది. దేవనాగరిలో చదువుకున్న పిల్లలకు హ్రస్వమైన ఎ, ఒ అక్షరాలు కొత్త. హిందీ వర్ణమాలలో వాటికి విడిగా గుర్తులు లేవు. అందువల్ల ‘మెడ–మేడ’, ‘నెల–నేల’, ‘కొన–కోన’ జంటల మధ్య తేడా వారి చెవికి వెంటనే అందదు. చేయి అక్షరాన్ని ఏ వైపు నుంచి మొదలుపెట్టి ఎటు తిప్పుతుందో, నోరు ‘ళ’కారాన్ని ఎలా పలుకుతుందో అచ్చు పుస్తకం చూపలేదు. వీడియో చూపగలదు. ప్రవాస తెలుగు పిల్లల కోసం సిలికానాంధ్ర సంస్థ 2007లో ప్రారంభించిన మనబడి వంటి కార్యక్రమాలు తరగతి, పుస్తకం, ఆన్‌లైన్ సాధనాలను కలిపి వాడుతున్నాయి. విదేశంలోని పిల్లలకు ఉపకరించిన పద్ధతి పొరుగు రాష్ట్రంలోని పిల్లలకూ ఉపకరిస్తుంది.

అయితే వీడియో పలికి వినిపించగలదే గాని, పిల్లవాడు సరిగా పలికాడో లేదో తనంత తాను చెప్పలేదు. ఇక్కడే పంచుకోవడం రెండు వైపులా సాగాలి. పిల్లవాడు చదివిన అర నిమిషం ధ్వనిని విజయనగరంలోని అమ్మమ్మకో, శ్రీకాకుళంలోని తాతయ్యకో పంపితే, వారు సరిదిద్ది తిరిగి పంపుతారు. ఉపాధ్యాయుడు లేని చోట కుటుంబమే ఆ పాత్రను వహించగలదు.

పంచుకునే ముందు తెలుసుకోవలసినవి

ఉపాధ్యాయుడు వీడియోను చూపడం, తానే తీసి పంచుకోవడం రెండూ వేర్వేరు పనులు. కాపీరైట్ చట్టం, 1957లోని 52వ సెక్షన్ బోధన క్రమంలో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని ఒక రచనను ప్రతి చేసుకోవడాన్ని ఉల్లంఘనగా పరిగణించదు. విద్యాసంస్థ కార్యకలాపాల్లో సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంస్థతో నేరుగా సంబంధం ఉన్నవారికి మాత్రమే పరిమితమైన ప్రదర్శనకు కూడా మినహాయింపు ఉంది. కాని ఇతరుల పాఠాన్ని కత్తిరించి సొంత ఛానల్‌లో లోకమంతటికీ పెట్టడం తరగతి గది దాటిన పని. దానికి హక్కుదారు అనుమతి గాని, పునర్వినియోగాన్ని అనుమతించే క్రియేటివ్ కామన్స్ వంటి లైసెన్సు గాని ఉండాలి.

రెండవది పిల్లల గోప్యత. డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, 2023 ప్రకారం 18 ఏళ్లు నిండని వారంతా పిల్లలే. వారి సమాచారాన్ని వినియోగించడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి అవసరమని, పిల్లల కదలికలపై నిఘా పెట్టడం, వారిని లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు చూపడం తగదని ఆ చట్టం పేర్కొంటోంది. కొన్ని సందర్భాలకు మినహాయింపులు ఉన్నా, తరగతిలోని పిల్లల ముఖాలను, పేర్లను, మార్కులను బహిరంగ వీడియోలో చూపకపోవడమే శ్రేయస్కరం. ఉపాధ్యాయుడి చేతులు, నల్లబల్ల, ప్రయోగ సామగ్రి చిత్రిస్తే పాఠానికి చాలు.

యూట్యూబ్‌లో వీడియోను బహిరంగంగా గాని, లింకు ఉన్నవారికే కనిపించేలా గాని, పూర్తిగా ప్రైవేటుగా గాని ఉంచవచ్చు. లింకు ద్వారా మాత్రమే కనిపించే వీడియో శోధనలో రాదు. అంతమాత్రాన అది రహస్యం కాదు. లింకు ఎవరి చేతికి వెళితే వారు చూడగలరు. 2020 జనవరి నుంచి పిల్లల కోసం తయారైన వీడియోలను ఆ విధంగా గుర్తించడం తప్పనిసరి అయింది. అలా గుర్తించిన వాటికి వ్యాఖ్యల సౌకర్యం, వ్యక్తిగత అభిరుచి ఆధారంగా వచ్చే ప్రకటనలు ఉండవు.

ఎవరి చేతిలో ఫోన్ ఉంది

ఇంతవరకు చెప్పిన మేలు అందరికీ సమానంగా అందడం లేదు. విద్యా మంత్రిత్వ శాఖ యూడైస్ ప్లస్ నివేదిక ప్రకారం 2023–24లో దేశంలోని 53.9 శాతం పాఠశాలలకు ఇంటర్నెట్ ఉంటే, 2024–25లో అది 63.5 శాతానికి పెరిగింది. అంటే మూడింట ఒక వంతుకు పైగా బడుల్లో అప్పటికీ ఆ సౌకర్యం లేదు.

గ్రామీణ భారతంలోని విద్యా పరిస్థితిపై వెలువడే అసర్–2023 నివేదిక 14–18 ఏళ్ల వయసువారిని పరిశీలించింది. స్మార్ట్‌ఫోన్ వాడగలిగిన వారిలో బాలురు 43.7 శాతం మందికి సొంత ఫోన్ ఉంటే, బాలికల్లో 19.8 శాతం మందికే ఉంది. అసర్–2024 ప్రకారం 14–16 ఏళ్ల పిల్లల్లో 82.2 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడటం తెలుసు. సర్వేకు ముందు వారంలో చదువు కోసం దానిని వాడినవారు 57 శాతం. సామాజిక మాధ్యమాల కోసం వాడినవారు 76 శాతం. తండ్రి డ్యూటీ నుంచి వచ్చాక గాని ఫోన్ దొరకని ఇంట్లో, దొరికిన గంట అన్నకు పోతే చెల్లెలికి పాఠం మిగలదు. ‘ఇంట్లో వీడియో చూసి రండి’ అని ఆదేశించే ముందు ఈ వాస్తవాన్ని బడి గమనించాలి.

ఈ కారణంగానే చూడవలసిన వీడియోను బడిలోనే, ఒకే తెరపై అందరికీ చూపడం మేలు. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నచోట వేదికలు తామే కల్పించే ఆఫ్‌లైన్ సౌకర్యంతో ముందురోజే భద్రపరచుకోవచ్చు. దీక్ష యాప్‌లో ఈ వీలు ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ పాఠశాలల 8వ తరగతి విద్యార్థులకు పాఠాలతో కూడిన ట్యాబ్‌లను పంపిణీ చేశారు. ఇంటర్నెట్ లేకున్నా పాఠం తెరుచుకోవాలన్నదే ఆ ఏర్పాటు ఉద్దేశం. ట్యాబ్ ఇవ్వడంతో పని పూర్తికాదు. చెడిపోతే బాగుచేసేవారు, పాఠంతో అనుసంధానించే ఉపాధ్యాయుడు ఉండాలి. విద్యలో సాంకేతికతపై యునెస్కో 2023లో వెలువరించిన ప్రపంచ విద్యా పర్యవేక్షణ నివేదిక కూడా ఇదే చెప్పింది. సాంకేతికత అభ్యాసకుని ప్రయోజనానికి లోబడి ఉండాలని, ఉపాధ్యాయునితో ముఖాముఖి సంబంధానికి అది తోడుగా నిలవాలే తప్ప దాని స్థానాన్ని ఆక్రమించరాదని సూచించింది.

మరో జాగ్రత్త కూడా అవసరం. యూట్యూబ్ ఒక వీడియో ముగిసీ ముగియగానే మరొకటి ముందుకు తెస్తుంది. దాని లెక్కకు కావలసింది వీక్షకుని సమయం. పాఠానికి కావలసింది విద్యార్థి శ్రద్ధ. అందువల్ల ‘ఆటోప్లే’ను ఆపివేయడం, పాఠాలను వరుస క్రమంలో ఒక జాబితాగా పేర్చి ఇవ్వడం, ఉపాధ్యాయుడు మొత్తం వీడియోను ముందే చూసి తప్పులుంటే గుర్తించడం తప్పనిసరి. ఎక్కువమంది చూశారన్నది పాఠం సరైనదనడానికి రుజువు కాదు.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు

నిపుణుల పరిశోధనలను, దేశీయ అనుభవాన్ని కలిపి చూస్తే ఆచరణకు కొన్ని మెట్లు తేలతాయి. పాఠంలో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో ముందు గుర్తించాలి; మాటతో, నల్లబల్లతో తీరే చోట వీడియో అక్కరలేదు. కంటికి కనిపించని కదలిక, చేరలేని ప్రదేశం, తరగతిలో చేయడం ప్రమాదకరమైన ప్రయోగం, సరైన ఉచ్చారణ వంటి వాటికి వీడియో తగినది. చూడడానికి ముందు ప్రశ్న, మధ్యలో విరామం, తర్వాత చేతిపని, చివరగా చూడకుండా రాయడం అనే క్రమం తప్పకూడదు. తల్లిదండ్రులకు లెక్కలో, విజ్ఞానశాస్త్రంలో ప్రవేశం లేకున్నా ఒక పని చేయగలరు. పిల్లలు వీడియో చూశాక ఫోన్ తీసుకుని, “ఏం అర్థమైందో చెప్పు” అని అడగగలరు. చెప్పగలిగితే పాఠం వచ్చినట్టు. చెప్పలేకపోతే మళ్లీ చూడవచ్చు. 1975 నాటి బిలాస్‌పూర్ పిల్లలకు లేని అవకాశం అది.

బిలాస్‌పూర్ మీదుగా కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్లే రైలు పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం స్టేషన్లలో ఆగుతుంది. అక్కడి పేరు పలకలపై తెలుగు ఉంటుంది. సెలవులకు అమ్మమ్మ ఊరికి వెళ్లే పిల్లవాడు కిటికీలోంచి ఆ పేర్లను తనంత తాను చదివిన రోజున, అతడు చూసిన వీడియోలు పాఠాలైనట్టు లెక్క.